ఎడమవైపు పక్కపన్ను

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే బస్సులో ఎవరైనా ముసలాయన నవ్వితే కాస్త గమనించండి. పై వరసలో మధ్యనున్న రెండు పళ్లకు, ఆయన ఎడమపక్కన ఉండే పన్ను కొంచెం పైకెక్కి, కొంచెం ఒరిగి, ఎవరి మీదో చాడీ చెప్పబోతున్నట్టు కనిపిస్తే అవి నా పళ్లు. ఆయన నోట్లో ఉన్నాయి గానీ నావే. రామారెడ్డిలో, బీర్కూర్‌లో, పెద్దకొడప్‌గల్‌లో కూడా నా నవ్వు తిరుగుతోంది. నేను ఇంట్లో కాళ్లు చాపుకుని కూచున్నా, నా నవ్వు నాలుగు మండలాల్లో ఉడకబెట్టిన మక్క గుడాలు తింటోంది.

నేను డాక్టర్ని కాను. పళ్ల సెట్లు చేసేవాణ్ణి. డాక్టర్లు నోటి అచ్చు తీసి పంపిస్తే, దాని మీద మైనంలో పళ్లు పేర్చి, వాళ్లు నోట్లో పెట్టి చూసి సరే అన్నాక ఆ మైనం తీసేసి గులాబీ రంగు చిగురు పోసి ఇవ్వడం నా పని. చదువు ఏడో తరగతితో ఆపేశాను. ఆపేశాను అనడం గొప్పకు గానీ, నేనంటే బడికీ, బడంటే నాకూ ఒకేసారి విసుగొచ్చింది. పెద్దయ్యాక మస్కట్ పోయి ఒక పళ్ల ల్యాబులో నేల తుడిచే పనిలో చేరాను. నేల తుడుస్తూ తుడుస్తూ బల్ల దాకా ఎక్కాను. తిరిగొచ్చి కామారెడ్డిలో స్టేషన్ రోడ్డు వెనక సందులో ఒక గది తీసుకుని సొంత బల్ల వేసుకున్నాను.

మా అక్క కూతురు పళ్ల డాక్టర్ చదువుకు హైదరాబాద్ పోయిన రోజు ఇంట్లో అందరికన్నా ఎక్కువ మిడిసిపడింది నేనే. మేనమామ పళ్లు చేస్తాడు, మేనకోడలు పళ్లు పెడుతుంది, ఇంక ఈ జిల్లాలో బోసినోరు అన్నది ఉండదు అని కనబడ్డవాళ్లందరికీ చెప్పుకున్నాను.

నా తప్పు అక్కడి నుంచే మొదలైంది. కాలేజీలో వాళ్లు పూర్తి పళ్ల సెట్లు కొన్ని తమ చేత్తో చేసి చూపించాలి. మొదటిసారి పిల్ల ఫోన్ చేసింది.

"మామా, ఒక్కసారి చూసి చెప్పు. ఎక్కడనో తప్పువోయింది."

"ఫోన్ల ఏం కనవడ్తది బిడ్డా? పార్సిల్ల వెయ్యి."

తడిగుడ్డలో చుట్టిన అచ్చు, స్టీలు టిఫిన్ డబ్బాలో, ఆర్టీసీ పార్సిల్లో వచ్చింది. ఒక పన్ను సరిచేసి తిప్పి పంపాను. రెండో డబ్బాలో నాలుగు సరిచేశాను. మూడో డబ్బా తెరిస్తే ఉత్త మైనం గట్టు, పక్కన విప్పని పళ్ల ప్యాకెట్టు ఉన్నాయి. కోడలు పిల్ల నన్ను అంత నమ్మిందని మురిసిపోయి, మొత్తం ఇరవై ఎనిమిది పళ్లూ నేనే పేర్చాను. తర్వాత దాని స్నేహితురాళ్ల డబ్బాలు మొదలయ్యాయి. పార్సిల్ ఆఫీసు గుమాస్తా నేను క్యాంటీన్ నడుపుతున్నాననుకున్నాడు. ఫోన్లో ఆరుగురు ఆడపిల్లలు "మామా, థాంక్యూ" అంటుంటే, ఏడో తరగతి తప్పినవాడికి అది ఎంత పెద్ద పట్టానో మీరే ఆలోచించండి.

పరీక్ష నాడు బయటినుంచి వచ్చిన పెద్దసారు ఆ ఏడాది పిల్లలు చేసిన సెట్లన్నీ బల్ల మీద వరసగా పెట్టించి చూశాడట. ఆరింటి దగ్గర ఆగాడట. ఆరింటికీ ఎడమవైపు పక్కపన్ను పైకెక్కి ఒరిగి ఉంది.

"ఈ ఆరుగురు పేషెంట్లూ ఒక తల్లి బిడ్డలా?" అని అడిగాడట.

ఆ తర్వాత ఆయన ముందే, సొంత చేతుల్తో పళ్లు పేర్చాలి. మిగతా ఐదుగురు ఎట్లాగో గట్టెక్కారు. నా మేనకోడలికి మాత్రం చేయి ఆడలేదు. ప్రతి పన్నూ పెట్టి, ఫోటో తీసి, నాకు పంపి, "మంచిగున్నదా మామా?" అని అడగడం దానికి అలవాటు. పరీక్ష గదిలో ఫోన్ లేదు, మామ లేడు. పై పళ్లకూ కింది పళ్లకూ పొత్తు కుదరలేదు. తప్పింది.

బస్సు దిగి, బ్యాగుతో సహా నేరుగా నా గదికే వచ్చింది. తిడుతుందేమోనని చూశాను. తిట్టినా బాగుండేది.

"మళ్ల పరీక్ష ఆరు వారాల్ల ఉన్నది మామా. అది గూడ పోతె ఇగ నాతోని గాదు. నా చేతులకు ఆ పని లేదు గావచ్చు."

పిల్లకు ఇరవై రెండేళ్లు. అది బొమ్మకు పళ్లు తోమిన నాటి నుంచి చూస్తున్నవాణ్ణి. దాని చేతులకు పని లేకుండా చేసింది ఎవరో నాకు తెలుసు.

నాకు ఎక్కువ పని ఇచ్చే డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. వయసులో నాకన్నా చిన్నదే గానీ చురుకైన మనిషి. అంతా విని, పిల్లను ఏమీ అనకుండా నావైపు తిరిగింది.

"అన్నా, ఆమె ఫెయిల్ కాలేదు. సంవత్సరమంతా పని చేసింది మీరు, పరీక్షకు పోనిది గూడ మీరే."

"గట్లంటె ఎట్ల మేడమ్? పిల్ల కష్టపడుతుంటె చూడలేక చేసిన."

"సరే, మస్కట్‌ల మీకు ఎవరు నేర్పిన్రు?"

నాకు నేర్పింది ఒక ఫిలిప్పీన్స్ మనిషి. నేను ఉస్తాద్ అనేవాణ్ణి. ఆయనకు తెలుగు రాదు, నాకు ఇంగ్లీషు రాదు. నేను పేర్చిన పళ్లు చూసి, బాగుంటే తీసుకుపోయేవాడు. బాగాలేకుంటే మళ్లీ నా ముందే పెట్టి, పక్కన ఒక నీలి కాగితం ముక్క ఉంచి, చాయ్ తాగడానికి పోయేవాడు. ఆ కాగితం పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య పెట్టి, అచ్చులు బిగించిన ఇనుప దవడతో కొరికిస్తే, తాకిన చోటల్లా నీలి చుక్క పడుతుంది. చుక్క పడని చోట పన్ను అందడం లేదని, మరీ ముదురుగా పడితే అక్కడ ఎత్తుగా ఉందని అర్థం. ఏది తప్పో ఆయన ఒక్కసారీ చెప్పలేదు. చెప్పే భాష ఉంటే చెప్పేవాడేమో. ఎన్ని సెట్లు పాడుచేశానో నాకూ ఆయనకూ దేవుడికీ తెలుసు.

ఇదంతా చెబితే డాక్టరమ్మ నవ్వింది.

"చూసిన్రా, మీ ఇద్దరికి భాష కలవలేదు గాబట్టి నేర్చుకున్నరు. మీ మామకోడళ్లకు భాష ఎక్కువైంది. ఈ ఆరు వారాలు మీరు ముట్టుకోవద్దు, చెప్పొద్దు. 'మంచిగున్నదా' అని అడిగితే 'నీకేమనిపిస్తున్నది' అని అడగండి."

"చేతులు ఊరుకోవు గద మేడమ్. నోరు అసలే ఊరుకోదు."

"రెండింటికి పని పెట్టండి మరి."

మర్నాడే మార్కెట్ నుంచి పల్లికాయ తెచ్చాను. వలవడానికి రెండు చేతులూ కావాలి, నమలడానికి నోరు కావాలి. పిల్ల బల్ల దగ్గర, నేను మూల స్టూలు మీద, మధ్యలో పొట్టు కుప్ప. ఆరు వారాల్లో నా నడుము చుట్టుకొలత ఎంత పెరిగిందో బెల్టు చెబుతుంది, నేను చెప్పను.

ఇంక నోరు ఎవరిదీ అన్న ప్రశ్న వచ్చింది. బొమ్మ అచ్చు మీద చేస్తే సరిపోదు, ఎవరైనా నిజం మనిషి కావాలంది డాక్టరమ్మ. ఎల్లారెడ్డిలో మా అవ్వ ఉంది. నన్ను కన్న తల్లి. నాలుగు మండలాలకు పళ్లు పెట్టినవాడి తల్లికి నోట్లో ఒక్క పన్ను లేదు. ఎన్నిసార్లు అడిగినా, "నువ్వు చేసినయి నోట్ల వెట్టుకుంటె నీ తీర్గ వాగుతనేమో, నాకొద్దు" అనేది. మనవరాలు అడిగితే మాత్రం మొదటి బస్సుకే కామారెడ్డిలో దిగింది.

డాక్టరమ్మ పక్కనే ఉండి చూస్తుంటే పిల్ల అచ్చు తీసింది. మొదటిది పాడైంది. రెండోది వంకరపోయింది. అవ్వ నోరంతా అచ్చు తీసే ముద్ద.

"ఏందే గిది, సున్నం లెక్క ఉన్నది. ఇంకెన్నిసార్లు వెడ్తవ్?"

"వచ్చేదాంక అమ్మమ్మా."

"సరే తియ్యి. పొద్దుగూకేదాంక బస్సులున్నయి."

మూడోది కుదిరింది.

మొదటి వారం నాకు నరకం. పిల్ల ప్రతి పన్నుకూ నావైపు తిరిగేది.

"మామా, మంచిగున్నదా?"

నేను పల్లీలు మింగి, "నీకేమనిపిస్తున్నది?" అనేవాణ్ణి.

"నాకేం అనిపిస్తలేదు. నువ్వు చెప్పు."

"నాకు గూడ ఏం అనిపిస్తలేదు. నా నోట్ల పల్లీలున్నయి."

"చెప్తె నీ సొమ్మేం పోతది?"

ఒకసారి కోపంతో మైనం చాకు బల్ల మీద కొట్టి బయటికి పోయింది. నేను కూడా మనిషినే, నా చేతులు వాటంతటవే లేచాయి. వాటిని మళ్లీ పల్లీల సంచిలో పెట్టాను. బయటికి పోయిన పిల్ల చాయ్ తాగి వచ్చి, కూచుని, నీలి కాగితం తీసింది. అడుగుతుందేమోనని ఎదురుచూశాను. అడగలేదు.

రెండో వారంలో ఒక నోటుబుక్కు కొనుక్కొచ్చింది. కాగితం పెట్టి కొరికించే ముందు, చుక్కలు ఎక్కడెక్కడ పడతాయో పళ్ల బొమ్మ గీసి అందులో ముందే గుర్తు పెట్టుకునేది. తర్వాత కొరికించి పోల్చుకునేది. ఈ ఆలోచన నాదీ కాదు, డాక్టరమ్మదీ కాదు. మొదట్లో అది గుర్తు పెట్టిన చోట ఒక్క చుక్కా పడలేదు. చూసి తనే నవ్వుకుంది.

"నేను వాతావరణం చెప్పెటోళ్లకన్న అధ్వాన్నం ఉన్న మామా."

అది నవ్వితే ఆ గదిలో మళ్లీ దీపం పెట్టినట్టుంది. మెల్లగా గుర్తులకూ చుక్కలకూ స్నేహం కుదిరింది. నావైపు తిరగడం తగ్గింది. ఒకరోజు పొద్దంతా ఒక్కసారీ అడగలేదు. ఆ సంతోషం ఎంతుందో, లోపల ఎక్కడో చిన్న ముల్లు కూడా అంతే ఉంది. అబద్ధం ఎందుకు చెప్పాలి?

ఆ ముల్లే నాతో దొంగపని చేయించింది. నాలుగో వారం మధ్యాహ్నం పిల్ల అన్నానికి పోయింది. బల్ల మీద అవ్వ పళ్లు, ముందు ఆరూ తీరుగా నిలబడి ఉన్నాయి. ఎడమవైపు పక్కపన్ను మరీ బుద్ధిమంతుడిలా నిటారుగా ఉంది. అవ్వకు ఆ పన్ను అట్లా ఉండేది కాదు. కొంచెం పైకెక్కి, కొంచెం ఒరిగి ఉండేది. నిజం చెప్పాలంటే నేను అందరి నోళ్లలో పెట్టే వంకర అవ్వదే. మస్కట్‌లో మొదటి సెట్టు పేర్చిన రోజు చేయి తనంతట తను అట్లా పెట్టింది, ఉస్తాద్ తిప్పి పంపలేదు, అప్పటి నుంచి అదే నా చేతివాటం అయింది. ఇప్పుడు సాక్షాత్తూ అవ్వ పళ్లే ముందుంటే చేయి ఎట్లా ఊరుకుంటుంది? స్పిరిట్ దీపం ముట్టించి, చాకు వేడిచేసి, ఆ ఒక్క పన్నూ కొంచెం ఎత్తి, కొంచెం ఒరిగించి, ఏమీ తెలియనట్టు వచ్చి పల్లీలు పట్టుకున్నాను.

పిల్ల లోపలికి వచ్చింది. ఇంకా కూచోలేదు, గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"మామా, ఎవలు ముట్టిన్రు?"

"ఎలుక గావచ్చు."

"ఎలుకకు స్పిరిట్ దీపం ముట్టించుడు వచ్చునా?"

"ఈ సందుల ఎలుకలు మస్తు హుషారు బిడ్డా."

నవ్వలేదు. ముందు ఆరు పళ్లూ మైనంలోంచి పీకి గిన్నెలో వేసింది. టిక్కు టిక్కున ఆరు చప్పుళ్లు.

"నువ్వు ముట్టినంక ఇది నా పని గాదు. మళ్ల మొదటికెల్లి పెడ్త."

"అరె, అవ్వ పన్ను గట్లనే ఉండె. నేను సూడలేదా? నా తల్లి గాదా?"

"ఉంటె ఉండె. నువ్వు చెప్పుడెందుకు, నేనే అడుగుత. ఆ నోరు నీది గాదు మామా, అమ్మమ్మది."

నిజమే. ఇన్నేళ్లలో ఒక్క పేషెంటును కూడా నీ పళ్లు ఎట్లుండేవని నేను అడగలేదు.

ఆదివారం ఇద్దరం ఎల్లారెడ్డి పోయాం. బస్సులో లింగంపేట దాటేదాకా పిల్ల నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత మాట్లాడింది గానీ కండక్టర్‌తో మాట్లాడినట్టు మాట్లాడింది.

అవ్వ వాకిట్లో కూచుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. పిల్ల ఎదురుగా కూచుని నోటుబుక్కు తీసింది.

"అమ్మమ్మా, నీ పండ్లు ఎట్లుండె?"

"మంచిగుండె. పేలాలు పరపర నమిలేది."

"అట్ల గాదు. ముందటియి. ఏదన్న వంకర ఉండెనా?"

అవ్వ నాలుకతో ఉత్త చిగురు తడిమి చూసుకుంది. పళ్లు పోయి పదేళ్లయినా నాలుకకు ఇంకా దారి తెలుసు. కుడిచేతి వేలు కుడివైపు పెదవి మీద పెట్టింది.

"గీ దిక్కుది. గిది జెర మీదికుండె. మీ తాత దీన్ని సూసే లగ్గానికి ఒప్పుకున్నడు."

"గీ దిక్కా? అవ్వా, మర్చిపోయినవ్, ఆ దిక్కు!" అని నేను అడ్డుపడ్డాను.

"నా నోరు నాకెర్కలేదార? నీకెర్కనా?"

పిల్ల లేచి లోపలికి పోయి గోడ మీది ఫోటో దించింది. మా బాపూ అవ్వా పెళ్లయిన కొత్తలో స్టూడియోలో దిగింది. బాపు బిగుసుకుపోయి ఉన్నాడు. అవ్వ మాత్రం ఆపుకోలేక నవ్వేసింది. పైకెక్కిన పన్ను అవ్వకు కుడివైపే.

"ఫోటో ఉల్ట కడిగినట్టున్నడు" అన్నాను.

"తాత అంగీ జేబు చూడు మామా. ఎడమ దిక్కే ఉన్నది. ఫోటో సీదానే."

నేను బియ్యంలో రాళ్లు ఏరడం మొదలుపెట్టాను.

ఐదో వారం అవ్వను కామారెడ్డికి తెచ్చాం. మైనంలో ఉన్న పళ్లను పిల్ల అవ్వ నోట్లో పెట్టింది. డాక్టరమ్మ ఒక పక్కన, నేను కుర్చీ వెనక. పిల్ల అవ్వ చేతికి అద్దం ఇచ్చింది. అవ్వ అద్దం ముందు పెట్టుకుని నవ్వింది.

కుర్చీ వెనక నిలబడ్డ నాకు అద్దంలో ఆ నవ్వు కనిపించింది. పక్కపన్ను సరిగ్గా నేను ఎప్పుడూ చూసిన చోటే ఉంది. అప్పుడు అర్థమైంది. చిన్నప్పుడు అవ్వ పొద్దున బొట్టు పెట్టుకుంటుంటే నేను వెనక నుంచి వీపు మీద వాలి అద్దంలోకి చూసేవాణ్ణి. నేను కోతిచేష్టలు చేస్తే అద్దంలోనే నన్ను చూసి నవ్వేది. నేను దాచుకున్న నవ్వు అద్దంలోది. పళ్లు పేర్చేటప్పుడు మనం మనిషికి ఎదురుగా కూచుంటాం, అప్పుడు అద్దంలోని కుడి పక్క ఎదుటివాడి ఎడమ అవుతుంది. ఇన్నేళ్లుగా మా అవ్వ నవ్వును నాలుగు మండలాలకు తప్పు పక్కన పంచాను.

"ఎట్లున్నది అమ్మమ్మా?" అని అడిగింది పిల్ల.

అవ్వ అద్దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. కళ్లు తుడుచుకుంది.

"నేనే" అంది. మళ్లీ అద్దం నా చేతిలో పెట్టి, "నీ తీర్గ వాగుతలేను గద?" అని అడిగింది.

నేను పిల్లవైపు చూశాను. పిల్ల నావైపు చూడటం లేదు. నోటుబుక్కులో ఏదో రాసుకుంటోంది. ఎడమ దవడలో ఒక చోట ఎత్తు తగులుతోందని, ఎవరూ అడగకుండానే, దానికదే పట్టుకుంది. నాకు ఆ ఎత్తు కనిపించనే లేదు.

ఆ పళ్లకు గులాబీ చిగురు పోయడం కూడా దాని చేత్తోనే అయింది. తీసుకుపోయి అవ్వకు పెట్టి, "మక్క కంకి ముందటి పండ్లతోని కొరకొద్దు, గింజలు వలుసుకొని తిను" అని చెప్పి, హైదరాబాద్ బస్సెక్కింది.

పరీక్ష రోజు పొద్దున్నే ఫోన్ చార్జింగుకు పెట్టి, ముందు పెట్టుకుని కూచున్నాను. ఫోన్ రాదని తెలుసు. రాకూడదనే కోరుకున్నాను. అయినా ప్రతి ఐదు నిమిషాలకూ అది పనిచేస్తోందా అని చూసుకున్నాను. పని ముట్టబుద్ధి కాలేదు. పల్లికాయ వలుస్తూ కూచున్నాను. తినబుద్ధి కూడా కాలేదు. సాయంత్రానికి పొట్టు ఒక కుప్ప, పల్లీలు ఒక కుప్ప.

నాలుగు దాటాక మోగింది.

"అయిపోయింది మామా."

"ఎట్లయ్యింది?"

"కుడి దిక్కు ఒక చోట చుక్క వడలే. మస్తు భయమైంది. తర్వాత కిందిది జెర లేపి మళ్ల కొరికించిన, వడ్డది."

"మరి సారు?"

"మళ్ల గా సారే వచ్చిండు. ఇంత మంచిగ ఎవరు నేర్పిన్రు అని అడిగిండు."

నేను గొంతు సవరించుకున్నాను. "నువ్వేమన్నవ్?"

"మా అమ్మమ్మ నోరు సార్ అన్న."

"అరె, నేను ఆరు వారాలు కడుపు పాడుచేసుకున్నది ఎటువాయె?"

అటువైపు పిల్ల పగలబడి నవ్వింది. పాసైంది. వలిచిన పల్లీలన్నీ వేయించి, మర్నాడు ఎల్లారెడ్డి తీసుకుపోయాను. అవ్వ మెల్లగా, రెండు దవడలతో, ఒక్కొక్కటే నమిలింది. నాకు ఒక్కటీ ఇవ్వలేదు.

మొన్న బీర్కూర్ నుంచి ఒక ముసలామె అచ్చు వచ్చింది. పళ్లు పేర్చే ముందు డాక్టరమ్మను నంబరు అడిగి ఆ ముసలామెకు ఫోన్ చేశాను. "అవ్వా, నీ పండ్లు ఎట్లుండె?" అంటే, పాపం ఎవరూ అడగక ఎన్నాళ్లయిందో, అరగంట చెప్పింది. ఆమె చెప్పినట్టే పేర్చాను. ముందు పళ్ల మధ్య కొంచెం సందు వదిలాను. నా చేతికి అది కొత్త. సరిగ్గా వచ్చిందో లేదో తేల్చుకోలేక, ఫోటో తీసి మేనకోడలికి పంపి కింద "మంచిగున్నదా?" అని రాశాను.

వెంటనే జవాబు వచ్చింది.

"నీకేమనిపిస్తున్నది మామా?"

పిల్ల బుద్ధి చూశారా! ఫోన్ పక్కన పెట్టి, నీలి కాగితం తీసుకున్నాను.